రన్‌వే లైట్ల కేబుల్: స్క్రీన్ ఉన్నదీ లేనిదీ, రెండూ వాడినవాడి మాట

మొన్న ఆదివారం మా అక్క కొడుకు ఇంటికొచ్చి, బ్యాగులోంచి రెండు కేబుల్ ముక్కలు తీసి టీపాయ్ మీద పెట్టాడు. జానెడు జానెడు పొడవు. రెండూ నల్లగానే ఉన్నాయి, ఒకటి వేలంత లావు, ఇంకోటి దానికంటే కొంచెం బొద్దు. బొద్దుదాంట్లో తొడుగు కింద రాగి టేపు చుట్టి ఉంటుంది, దాన్నే స్క్రీన్ అంటారు.

"మామా, వీటిల ఏది కొనాలె? ఎల్లుండి మా సార్‌కు చెప్పాలె. స్క్రీన్‌ది మస్తు రేటు చెప్తున్నరు."

వాడు ఒక కాంట్రాక్టు కంపెనీలో సైట్ ఇంజనీరు. వాళ్లకు ఒక చిన్న ఎయిర్‌స్ట్రిప్‌లో లైటింగ్ పని వచ్చేలా ఉందట. "మామునూరా?" అని అడిగితే నవ్వాడు. మా ఇల్లు రంగశాయిపేటలో. ఖమ్మం రోడ్డు మీద ఇంకొంచెం పోతే మామునూరే. నిజాం కాలంలో కట్టిన ఆ విమానాశ్రయం గురించి మా నాన్న ఆజంజాహి మిల్లు నుంచి వచ్చి అరుగు మీద కూర్చుని కథలు చెప్పేవాడు. విమానాలు ఆగిపోయాక చాలా ఏళ్లు అక్కడ గడ్డి తప్ప ఏమీ ఉండేది కాదు. 2025 ఫిబ్రవరిలో కేంద్రం మళ్లీ అనుమతి ఇచ్చినప్పటి నుంచి మా గల్లీలో భూముల రేట్లు తప్ప ఇంకో మాట లేదు. వాడి పని అక్కడిది కాదు, వేరే రాష్ట్రంలో. సరే, కేబుల్ సంగతికి వస్తాను.

నేను వరంగల్ ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చేశాను. కొన్నాళ్లు బోరు మోటార్లు చుట్టి, తర్వాత మన దగ్గర చాలామంది పోయినట్టే గల్ఫ్ పోయాను. అక్కడ ఒక విమానాశ్రయంలో రన్‌వే లైట్ల మెయింటెనెన్స్‌లో 11 ఏళ్లు చేశాను. పాత రన్‌వేకు స్క్రీన్ లేని కేబుల్ ఉండేది, నేనుండగానే కట్టిన కొత్త రన్‌వేకు స్క్రీన్ ఉన్నది వేశారు. రెండింటి మీదా రాత్రులు గడిపాను, రెండింటి చేతా తిట్లు తిన్నాను. కంపెనీ పేర్లతో నాకు పనిలేదు, రకం గురించే చెబుతాను.

ముందు ఈ కేబుల్ చేసే పని ఏమిటో చెప్పాలి. ఇంట్లో వైరింగ్ లాంటిది కాదిది. బతుకమ్మకు గల్లీల్లో కట్టే సీరియల్ సెట్టు ఉంటుంది కదా, ఒక బుడ్డ బల్బు వెనక ఇంకోటి, అదే లెక్క. రన్‌వే లైట్లు ఒకే తీగ మీద దండలా ఉంటాయి. ఆ తీగ సబ్‌స్టేషన్ గదిలో సీసీఆర్ దగ్గర బయల్దేరి, రన్‌వే చుట్టి, మళ్లీ అక్కడికే వస్తుంది. సీసీఆర్ అంటే కాన్‌స్టంట్ కరెంట్ రెగ్యులేటర్. లోడ్‌ను బట్టి వోల్టేజీ మార్చుకుంటూ కరెంటును మాత్రం కదలనివ్వదు. పూర్తి వెలుతురుకు 6.6 ఆంపియర్లు. తేటగా ఉన్న రాత్రి పైలట్ కళ్లకు గుచ్చుకోకుండా తగ్గించడానికి 5.2, 4.1, 3.4, 2.8 అని మెట్లు. మొదటి లైటుకూ చివరి లైటుకూ వెలుతురులో తేడా రాకూడదని ఈ ఏర్పాటు. మరి పండగ సెట్టులో ఒక బల్బు పోతే అన్నీ ఆరిపోతాయి కదా అంటారా, ఇక్కడ ఒక్కో లైటుకూ పిట్‌లో, అంటే నేలలో మూత వేసిన గుంటలో, ఒక చిన్న ఐసోలేటింగ్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. బల్బు పోయినా ఆ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ చుట్ట గుండా కరెంటు నడుస్తూనే ఉంటుంది.

కరెంటు చిన్నది, వోల్టేజీయే పెద్దది. సీసీఆర్ వాట్లను 6.6తో భాగిస్తే తెలిసిపోతుంది. 7.5 కిలోవాట్లదైతే నిండు లోడ్ మీద 1,136 వోల్టులు. 15 కిలోవాట్లదైతే 2,270. 30 కిలోవాట్లదైతే 4,500 పైనే. అందుకే చేతిలో ఆడుకునేలా కనిపించే ఈ సన్న కేబుల్‌కు 5 కేవీ, అంటే 5,000 వోల్టుల ఇన్సులేషన్. లోపల రాగి 6 చదరపు మిల్లీమీటర్లే, మన బోరు మోటారుకు వేసే సైజే.

ఆ మాట మీద ఒక సంగతి గుర్తొచ్చింది. రెండేళ్ల కింద నేర్పడానికని ఒక మీటరు ముక్క కావలసి, స్టేషన్ రోడ్డులో ఒక పెద్ద ఎలక్ట్రికల్ దుకాణానికి పోయి "స్క్రీన్ ఉన్న 6 ఎంఎం సింగిల్ కోర్ కావాలె" అన్నాను. కుర్రాడు లోపలికి పోయి ఆర్మర్డ్ కేబుల్ తెచ్చాడు. ఇది కాదంటే ఇన్‌స్ట్రుమెంటేషన్‌కు వాడే, వెండి కాగితం చుట్టిన సన్న వైరు తెచ్చాడు. అదీ కాదంటే సబ్‌మెర్సిబుల్ ఫ్లాట్ కేబుల్ చూపించి "ఇది నీళ్లల్ల కూడ నడుస్తది అంకుల్" అన్నాడు. తప్పు వాడిది కాదు, ఆ సరుకు బజారులో దొరికేది కాదు, ఆర్డర్ ఇచ్చి చేయించుకోవాలి. కానీ ఆర్మర్, స్క్రీన్ ఒకటే అనుకునే పొరపాటు ఇంజనీర్లలో కూడా చూశాను. ఆర్మర్ అంటే ఇనుప తీగల కవచం, గడ్డపార దెబ్బకు అడ్డం. స్క్రీన్ అంటే రాగి, అది దెబ్బకు ఆగదు. దాని పని వేరే.

ఆదివారం నాడు కత్తి తీసుకుని రెండు ముక్కలనూ కోసి చూపించాను. స్క్రీన్ లేనిదాంట్లో మూడే వస్తువులు: ఏడు పోగుల రాగి, దాని చుట్టూ ఎక్స్‌ఎల్‌పీఈ అనే ప్లాస్టిక్ ఇన్సులేషన్, పైన తొడుగు. ఉన్నది ఉల్లిగడ్డ లాంటిది. రాగి, రాగి మీద కరెంటును కొంచెమే పోనిచ్చే సన్నటి నల్ల సెమికండక్టింగ్ పొర, తెల్లటి ఎక్స్‌ఎల్‌పీఈ, మళ్లీ నల్ల పొర, దాని మీద ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కేలా చుట్టిన రాగి టేపు, ఆఖరికి తొడుగు. లోపలి వోల్టేజీ వల్ల పుట్టే ఎలక్ట్రిక్ ఫీల్డ్ అంతా రాగికీ ఆ టేపుకూ నడుమనే ఉండిపోతుంది. ఆ టేపును ఎర్త్‌కు కలిపి ఉంటే, తొడుగు మీద చెయ్యి వేసినా అక్కడ భూమి వోల్టేజీయే. స్క్రీన్ లేనిదాంట్లో ఆ ఫీల్డ్ తొడుగు దాటి మట్టిలోకి, పైపులోకి, పక్కనున్న కేబుళ్లలోకి పోతుంది. కేబుల్ చుట్టూ తడి ఉంటే ఆ తడే దానికి స్క్రీన్. పొడిగా ఉంటే ఏమీ లేదు.

ఈ ఆఖరి రెండు వాక్యాలు నాకు అర్థం కావడానికి ఆరు రాత్రులు పట్టింది.

పాత రన్‌వేలో ఒక ఎడ్జ్ లైట్ల, అంటే రన్‌వే అంచు వెంట ఉండే లైట్ల, సర్క్యూట్ ఉండేది. మధ్యాహ్నం సబ్‌స్టేషన్‌లో మెగ్గర్, అంటే ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే మీటరు, పెడితే 80 మెగాఓమ్‌లు చూపించేది. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ మెయింటెనెన్స్ పుస్తకంలో 10,000 అడుగుల లోపు లూపుకు కనీసం 50 ఉండాలని రాసి ఉంటుంది, అంతకంటే పొడవైతే 40, 20,000 అడుగులు దాటితే 30. ఆ లెక్కన మాది బంగారం. కానీ సముద్రపు మంచు పడే రాత్రి మూడు గంటలకు అదే మెగ్గర్ 2 కూడా చూపించేది కాదు. రన్‌వే మూసి మాకు ఇచ్చేది ఒంటిగంట నుంచి నాలుగు వరకు. ఒంటిగంటకు నేల ఇంకా పొడిగా ఉండేది, ఫాల్ట్ కనపడదు. మూడుకు కనపడుతుంది. నాలుగుకు టవర్ వాళ్లు బయటికి పొమ్మంటారు. అంటే రోజుకు ఒక్క గంట.

ఫాల్ట్ వెతికే పద్ధతి సులువే. దండను నడుమ పిట్‌లో విప్పి రెండు ముక్కలు చేసి, ఏ సగం చెడ్డదో చూసి, ఆ సగాన్ని మళ్లీ సగం చేయాలి. కానీ ప్రతిసారీ పిట్ మూత బోల్టులు విప్పడం, కనెక్టర్ ఊడదీయడం, తుడవడం, గ్రీజు పెట్టి మళ్లీ బిగించడం. గంటలో రెండు సగాలు చేస్తే గొప్ప. ఆరో రాత్రి దొరికింది. ట్యాక్సీవే కింద పోయే పైపు నోటి దగ్గర ఒక రాయి అంచు మీద కేబుల్ ఒరుసుకుని, తొడుగు పోయి, ఎక్స్‌ఎల్‌పీఈలో సన్నటి గీత పడింది. పొడి ఇసుకలో అది ఎవరికీ కనపడదు. తడి తగిలితే భూమికి దారి. అదే చోట స్క్రీన్ ఉన్న కేబుల్ ఉంటే ఎండలోనైనా వానలోనైనా మెగ్గర్ ఒకే మాట చెప్పేది, ఎందుకంటే ఎర్త్ ఎప్పుడూ ఇన్సులేషన్‌ను అంటుకునే ఉంటుంది.

లైట్లు మాత్రం ఆ ఆరు రాత్రులూ ఒక్కటీ ఆరలేదు. ఈ సర్క్యూట్‌కు భూమితో సంబంధం లేదు, తేలుతూ ఉంటుంది. ఒకచోట ఎర్త్ అయితే ఏమీ కాదు. రెండోచోట కూడా అయిందా, కరెంటు కొంత మట్టిలోంచి అడ్డదారి పట్టి, ఆ రెండు చోట్ల నడుమ ఉన్న లైట్లు మసకబారుతాయి, లేదా పోతాయి. సీసీఆర్ మీటరు మాత్రం 6.6 చూపిస్తూనే ఉంటుంది. అందుకే మొదటి ఫాల్ట్‌ను మొదటి రోజే పట్టుకోవాలి. కొత్త సీసీఆర్‌లలో ఇన్సులేషన్‌ను ఎప్పటికప్పుడు కొలిచే ఏర్పాటు ఉంటుంది. స్క్రీన్ ఉన్న కేబుల్ మీద అది చెప్పే అంకెను నమ్మొచ్చు. లేనిదాని మీద, ఆ రోజు వాన పడిందా అని అడిగి నమ్మాలి.

ఇంతవరకు విని మా అల్లుడు "అయితే స్క్రీన్‌దే ఫైనల్ మామా" అని ఫోన్ తీశాడు. ఆగు బిడ్డా అన్నాను.

కొత్త రన్‌వేలో కేబుల్ మధ్యలో చెడిపోవడం నేనుండగా చూడలేదు. వచ్చిన ఫాల్ట్‌లన్నీ జాయింట్లలోనే వచ్చాయి. ఒక రన్‌వే పక్కన ప్రతి 60 మీటర్లకు ఒక లైటు ఉంటుందనుకోండి, 2,800 మీటర్ల రన్‌వేకు రెండు పక్కలా కలిపి దగ్గరదగ్గర వంద లైట్లు. ఒక్కో లైటుకు ఒక ట్రాన్స్‌ఫార్మర్, ట్రాన్స్‌ఫార్మర్‌కు వచ్చే కొస, పోయే కొస. అంటే రెండు వందల కనెక్టర్లు, అదీ ఎడ్జ్ లైట్లకే. స్క్రీన్ ఉంటే ఆ రెండు వందల చోట్లా రాగి టేపును కోసి, దాని కొసను బయటికి తీసి, ఎర్త్‌కు కలిపి, అవతలి కొసకు అందించి, నీళ్లు పోకుండా మూయాలి. స్క్రీన్ లేనిదైతే తొడుగు తీయడం, రాగికి పిన్ను క్రింప్ చేయడం, రబ్బరు కనెక్టర్‌లోకి తొయ్యడం, అంతే. చేయి తిరిగినవాడు పావుగంటలో ముగిస్తాడు. స్క్రీన్ ఉన్నదానికి అదే మనిషికి ముప్పావుగంట.

అందులో ప్రాణం తీసేది ఆ బయటి నల్ల పొర. కనెక్టర్ లోపలికి పోయేంత మేర దాన్ని పూర్తిగా తీసేయాలి. కొంచెం మిగిలినా అది కరెంటుకు దారి. గట్టిగా గీకితే కింద తెల్లటి ఇన్సులేషన్ మీద కత్తి గాటు పడుతుంది. గాటు పడితే అక్కడ గాలి చేరుతుంది, వోల్టేజీ అక్కడే కొరకడం మొదలుపెడుతుంది. నేను చేసిన ఒక జాయింట్ ఎనిమిది నెలలకు పేలింది. కోసి చూస్తే సన్న గాటు, దాని వెంబడే నల్లగా కాలిన గీత. ఆ రోజు నా చేతిలో ఉన్నది మామూలు కట్టర్ బ్లేడు, పొర తీసే అసలు పనిముట్టు స్టోర్‌లో తాళం వేసి ఉండింది. స్టోర్ కీపర్ నిద్రపోతున్నాడని లేపలేదు. ఆ తప్పు నాదే. ఇంకోటి, పొర తీశాక నున్నగా రుద్దడానికి నల్ల ఎమరీ పేపర్ వాడకూడదు, దాని పొడి కరెంటును పోనిస్తుంది. అల్యూమినియం ఆక్సైడ్ పేపర్ వేరే ఉంటుంది. రుద్దాక తుడిచేటప్పుడు గుడ్డను రాగి కొస వైపు నుంచి స్క్రీన్ వైపు లాగాలి, అటు నుంచి ఇటు లాగితే తుడిచిన మసి మళ్లీ ఇన్సులేషన్ మీదికే వస్తుంది. ఇవన్నీ జాయింట్ కిట్‌తో వచ్చే కాగితంలో బొమ్మలతో సహా ఉంటాయి. ఆ కాగితాన్ని చాలాచోట్ల టీ గ్లాసు కింద చూశాను.

జాయింట్ బాగా చేసి స్క్రీన్‌ను వదిలేస్తే ఏమవుతుంది? ఇది చాలామంది ఆలోచించరు. కొత్త రన్‌వేలో జాయింట్లు చేసిన బయటి గుంపు, తొందరలో మూడు పిట్‌లలో స్క్రీన్ తోకను ఎర్త్‌కు కలపకుండా, టేపు చుట్టి లోపల మడిచి పెట్టేసింది. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. టెస్టులో కూడా పాసయింది, ఎందుకంటే వాళ్లు కొలిచింది ఇన్సులేషన్‌నే, స్క్రీన్ కొస నుంచి కొస వరకు కలిసి ఉందా లేదా అనేది కాదు. కొన్ని నెలలకు మా వాడొకడు, సర్క్యూట్ బంద్ అయిందనుకుని పిట్ మూత తీసి ఆ తోకను పట్టుకున్నాడు. బంద్ కాలేదు. చెయ్యి జివ్వుమని వెనక్కి విసిరికొట్టింది. లోపల రాగి, బయట రాగి, నడుమ ప్లాస్టిక్, అది పొడవాటి కెపాసిటర్. ఎర్త్‌కు కలపని స్క్రీన్ మీద వోల్టేజీ తేలి కూర్చుంటుంది. వందల మీటర్ల పొడవు ఉంటే అది చేతికి తెలిసేంత కరెంటు ఇస్తుంది. మూడు రోజులు వాడికి వేళ్లు తిమ్మిరి, మాకు టెన్షన్, కాగితాల మీద సంతకాలు. సీసీఆర్‌కు తాళం వేయకుండా పిట్ తెరవడం మొదటి తప్పు, అది నేను కాదనను. కానీ మనిషిని కాపాడాల్సిన స్క్రీనే మనిషిని కొట్టింది కదా.

అందుకే రివ్యూ అంటూ రాస్తే నేను ఇలా రాస్తాను. స్క్రీన్ ఉన్న కేబుల్ కొనడమంటే కేబుల్ ఒక్కటే కొనడం కాదు. దాంతోపాటు స్క్రీన్ కిట్లు, పొర తీసే పనిముట్లు, ప్రతి పిట్‌లో ఎర్త్, మూడింతల జాయింట్ టైము, దాని మీద నిలబడి చూసే ఒక సూపర్‌వైజరు, ఇవన్నీ కొనాలి. కేబుల్ రేటులో తేడా చూసి మా అల్లుడి సార్ భయపడుతున్నాడు. ఆయన భయపడాల్సింది కిట్ల రేటు చూసి. కేబుల్‌ది కొని కిట్ల దగ్గర పొదుపు చేసే ఆలోచన ఉంటే, మొత్తానికే వద్దు. స్క్రీన్ లేనిదాన్ని శుభ్రంగా వేసుకోండి.

స్క్రీన్ లేనిది అంటే తక్కువ సరుకు అని కూడా అనుకోవద్దు. అమెరికాలో ఎల్-824 అని ఒక స్పెసిఫికేషన్ ఉంది, అక్కడి విమానాశ్రయాల్లో మామూలుగా వేసేది లోహపు స్క్రీన్ లేని ఆ సింగిల్ కోరే. వాళ్లు దాన్ని పైపులో వేస్తారు, పైన మట్టిలో ఒక బోడి రాగి తీగ పరుస్తారు. దాన్ని కౌంటర్‌పాయిజ్ అంటారు, పిడుగు పడితే ముందు అది తీసుకుంటుంది. యూరప్ వైపు స్క్రీన్ ఉన్నది ఎక్కువగా కనిపిస్తుంది. రెండు చోట్లా విమానాలు దిగుతూనే ఉన్నాయి.

మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలిదుమారం, ఉరుములు, పిడుగులు కదా. స్క్రీన్ ఉంది కాబట్టి కౌంటర్‌పాయిజ్ తీసేద్దామా అని అడుగుతారు. వద్దు. ఆ సన్న రాగి టేపు పిడుగు మోయడానికి చేసింది కాదు.

పొడవు గురించి కూడా ఒక మాట. కేబుల్ లోపలి 6 చదరపు మిల్లీమీటర్ల రాగికి కిలోమీటరుకు 3.08 ఓమ్‌లు. పది కిలోమీటర్ల లూపు అయితే 30.8. 6.6ను 6.6తో, ఆ వచ్చినదాన్ని 30.8తో గుణించండి, 1,340 వాట్లు. నిండు వెలుతురులో అంత వేడి కేబుల్‌లోనే పోతుంది, స్క్రీన్ ఉన్నా లేకున్నా. తేడా వచ్చేది కెపాసిటర్ దగ్గర. స్క్రీన్ వల్ల కేబుల్ పొడవునా భూమికి కొంచెం కొంచెం కరెంటు జారుతుంది. చిన్న లూపులో అది లెక్కలోకి రాదు. పెద్ద లూపులో, ఎక్కువ వోల్టేజీ మీద, సీసీఆర్ దగ్గర చూపించే అంకెకూ నడుమ లైట్ల దగ్గర ఉన్న కరెంటుకూ తేడా రావచ్చు. అందుకని రన్‌వే నడుమ పిట్‌లో ఒక్కసారైనా, తీగను కోయకుండా పట్టుకుని కరెంటు కొలిచే క్లాంప్ మీటరు పెట్టి చూడమంటాను.

ఒక్కో లైటును విడిగా కంట్రోల్ చేసి, ఏది పోయిందో చెప్పే సిస్టమ్‌లు వచ్చాయి. కొన్ని అదే కేబుల్ మీద సిగ్నల్ పంపుతాయి. ఆ సిగ్నల్‌కు స్క్రీన్ కెపాసిటెన్స్ అడ్డం, దూరం పోయేకొద్దీ నీరసపడుతుంది. అదే స్క్రీన్ పక్క సర్క్యూట్ సిగ్నల్ దీంట్లోకి రాకుండా కూడా ఆపుతుంది. కాబట్టి అలాంటి సిస్టమ్ పెట్టేటట్టయితే కేబుల్ ఆర్డర్ ఇచ్చే ముందే దాని తయారీదారుని అడగాలి, వేసిన తర్వాత కాదు.

ఇంక స్క్రీన్‌ను రెండు కొసల్లో ఎర్త్ చేయాలా, ఒక కొసలోనా అని మా అల్లుడు అడిగాడు. వాడికి కాలేజీలో పెద్ద పవర్ కేబుళ్ల గురించి చెప్పి ఉంటారు. అక్కడ వందల ఆంపియర్లు పోతాయి, సింగిల్ కోర్ స్క్రీన్‌ను రెండు కొసల్లో కలిపితే స్క్రీన్‌లోనే కరెంటు తిరిగి వేడెక్కుతుంది. ఇక్కడ ఉన్నదే 6.6. ఆ భయం లేదు. మేము సీసీఆర్ గదిలోనూ, ప్రతి పిట్‌లోనూ కలిపేవాళ్లం, ఒకచోట తోక ఊడినా పక్క పిట్ చూసుకుంటుందని.

మట్టి మాట. వాడు పోయే చోట నల్లరేగడట. అది ఎండాకాలం చెయ్యి పట్టేంత వెడల్పు నెర్రెలు ఇస్తుంది, వానాకాలం ఉబ్బుతుంది, కేబుల్‌ను పట్టి లాగుతుంది. ఆ లాగుడుకు మొదట వదిలేది జాయింట్. కాబట్టి ఏ కేబుల్ అయినా పైపులోనే వెయ్యి, పిట్‌లో ఒక చుట్టు వదులు ఉంచు అని చెప్పాను. ఎండాకాలం పొడి రేగడిలో స్క్రీన్ లేని కేబుల్ మెగ్గర్ రీడింగ్ చూసి సంబరపడొద్దు, జూలైలో చూడాలి. పందికొక్కు రెండింటినీ ఒకేలా కొరుకుతుంది, దానికి స్క్రీన్ తెలియదు.

రబ్బరు కనెక్టర్ల దగ్గర ఒక చిన్న తిరకాసు ఉంది, రెండు రకాలకూ వర్తిస్తుంది. మగ కొసను ఆడ కొసలోకి తోసినప్పుడు లోపల గాలి ఇరుక్కుని, మనం చెయ్యి వదలగానే మెల్లగా వెనక్కి తోస్తుంది. పొద్దున చూస్తే అర అంగుళం బయటికి వచ్చి ఉంటుంది. సిలికాన్ గ్రీజు పల్చగా రాసి, తోసి, కాసేపు గట్టిగా పట్టుకుని ఉండాలి. మా గ్యాంగ్‌లో జగిత్యాల ఆయన ఒకరు, ఆంజనేయ దండకం సగం చదివేంతసేపు పట్టుకుంటాను అనేవాడు. ఆయన చేసిన కనెక్టర్ వెనక్కి రావడం నేను చూడలేదు.

మరి మార్కులా? స్క్రీన్ ఉన్నదానికి కేబుల్‌గా ఐదుకు నాలుగున్నర. మామూలు జాయింటర్ల చేతిలో పెడితే రెండున్నర. లేనిదానికి ఎవరి చేతిలోనైనా మూడున్నర. అది దాని గొప్పతనం, పెద్దగా పైకి పోదు, పెద్దగా కిందికి రాదు.

మా అల్లుడి పనికి ఏది? వాళ్లది చిన్న ఎయిర్‌స్ట్రిప్. ఒకటే రన్‌వే, ఎడ్జ్ లైట్లకు ఒకటి తప్పి ఒకటి లెక్కన రెండు సర్క్యూట్లు. ఒక సర్క్యూట్ మొత్తానికి పోయినా పక్కనున్నవి వెలుగుతాయి. సీసీఆర్‌లు 4 కిలోవాట్లవి, అంటే 600 వోల్టుల చిల్లర. లైట్లు ఎల్‌ఈడీ కాబట్టి లోడ్ ఇంకా తక్కువే. జాయింటర్లు స్థానికంగా దొరికేవాళ్లు, 5 కేవీ స్క్రీన్ కేబుల్ ఎప్పుడూ ముట్టనివాళ్లు. పిట్‌లలో పక్కన వేరే కంట్రోల్ కేబుళ్లు లేవు. నేనైతే స్క్రీన్ లేనిదే వేస్తాను, పైపులో, పైన కౌంటర్‌పాయిజ్‌తో. మిగిలిన డబ్బుతో ఇన్సులేషన్‌ను ఎప్పటికప్పుడు కొలిచే ఏర్పాటు ఉన్న సీసీఆర్ తీసుకోమన్నాను.

అదే పని పెద్ద విమానాశ్రయానిదైతే, దిగే విమానానికి దారి చూపే అప్రోచ్ లైట్లు, 15 కిలోవాట్లు పైబడ్డ సీసీఆర్‌లు, ఒకే కందకంలో కంట్రోల్, కమ్యూనికేషన్ కేబుళ్లు, రాత్రిపగలు విమానాలు ఉంటే, నేను స్క్రీన్ ఉన్నదాని వైపే. కిట్లు కేబుల్‌కు సరిపోయే రకమే కొని, జాయింటర్లను తయారీదారు మనిషి దగ్గర రెండు రోజులు కూర్చోబెట్టి, ఒక్కో పిట్ నుంచి పక్క పిట్‌కు స్క్రీన్ కలిసి ఉందో లేదో కొలిచి పుస్తకంలో రాయించి, అప్పుడు మూత వేయిస్తాను.

వాడు ఇదంతా ఫోన్‌లో రాసుకుని, లేచేముందు ఇంకో ప్రశ్న వేశాడు. "మామా, మా దగ్గర పాత స్టోర్ల స్క్రీన్‌ది ఒక సగం డ్రమ్ము ఉన్నది. ఒక సర్క్యూట్‌ల కొంత దూరం అది, మిగిలిందానికి లేనిది వేస్తే నడుస్తదా?"

నడుస్తుంది, లైట్లు వెలుగుతాయి. కానీ ఆ సర్క్యూట్ మెగ్గర్ రీడింగ్‌కు అర్థం ఉండదు. సగం ఎండలో ఒకలా, సగం ఎప్పుడూ ఒకలా. రెండు రకాలు కలిసేచోట స్క్రీన్ కొస ఒకటి ఒంటరిగా మిగులుతుంది. మూడేళ్ల తర్వాత వచ్చే మెయింటెనెన్స్ పిల్లాడికి ఏ పిట్‌లో ఏది ఉందో ఎవరు చెబుతారు? వద్దన్నాను. కావాలంటే ఆ సగం డ్రమ్ము మీద జాయింటర్లకు ప్రాక్టీసు చేయించు అన్నాను.

"అసలు ఆ డ్రమ్ము కొసలకు టోపీలు ఉన్నయా?" అని అడిగాను. తెలియదన్నాడు. రెండు వానాకాలాలు బయటే ఉందట. కొస తెరిచి ఉంటే నీళ్లు ఆ ఏడు పోగుల నడుమ దూరి మీటర్ల కొద్దీ లోపలికి పోతాయి, పైకి ఏమీ కనపడదు. సోమవారం పొద్దున్నే సైట్‌కు ఫోన్ చేసి, ఒక మీటరు కోసి, రాగి మెరుస్తుందా, పచ్చబడిందా చూడమన్నాను. పొద్దున పదిన్నరకు ఫొటో పంపాడు. పచ్చగా ఉంది.